చొరరాని అడవిలో ఒక గంట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యుగాండా దేశపు నైరుతి మూలన ఉన్న బ్విండీ అడవికి వెళ్ళి కొండ గొరిల్లాలను చూసి వచ్చిన సంగతి కిందటి సంచికలో క్లుప్తంగా రాశాను. ఆ నాలుగు పేరాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఒకే విషయం అడిగినవారి ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మన పక్కనే మైసూరు జంతుప్రదర్శనశాలలో గొరిల్లాలు ఉన్నాయి. పిల్లలతో వెళ్ళి తనివితీరా చూసి వచ్చాము. అదే జంతువును చూడడానికి సముద్రం దాటి, లక్షలు పోసి వెళ్ళవలసిన అవసరం ఏమిటి? (బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)

జవాబు: అదే జంతువు కాదండీ. మైసూరులో ఉన్నవి 2021లో జర్మనీ నుంచి తెచ్చిన థాబో, డెంబా అనే రెండు మగ గొరిల్లాలు. అవి ఆఫ్రికా పశ్చిమ భాగంలోని పల్లపు అడవుల జాతికి చెందినవి. వాటికి ముందు అక్కడ ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికి 2014లో కన్నుమూసిన పోలో కూడా ఆ జాతిదే. లోకంలో ఏ జూకు వెళ్ళినా కనిపించేది దాదాపుగా ఈ పల్లపు గొరిల్లాయే. కొండ గొరిల్లా మాత్రం ఈనాడు ఏ జూలోనూ లేదు. దాన్ని చూడాలంటే దాని ఇంటికే వెళ్ళాలి.

ఆ ఇళ్ళు కూడా రెండే. ఒకటి యుగాండా, రువాండా, కాంగో దేశాల సరిహద్దులు కలిసేచోట ఉన్న విరుంగా అగ్నిపర్వతాల వరుస. రెండవది బ్విండీ, దాన్ని ఆనుకొని కాంగోలో ఉన్న చిన్న అడవి. మధ్యలో ఉన్నవన్నీ కిక్కిరిసిన పల్లెలు, మెట్లుమెట్లుగా చెక్కిన పొలాలు కాబట్టి ఇక్కడి గొరిల్లా అక్కడికి నడిచి వెళ్ళే వీలు లేదు. 2018లో బ్విండీ వైపు జరిపిన లెక్కలో 459 తేలాయి, అంతకుముందు విరుంగా లెక్కలో 604 తేలాయి. రెండూ కలిపితే 1,063. మన పల్లెల్లో కాస్త కలిగినవారి ఇంట పెళ్ళికి ఇంతకంటే ఎక్కువమంది వస్తారు. అయినా ఈ సంఖ్య ఆనందించవలసినదే, ఎందుకంటే ముందటి దశాబ్దాలతో పోలిస్తే ఇది పెరిగిన లెక్క. అందుకే 2018లో ఈ జాతిని, అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్నవాటి వరుస నుంచి ఒక మెట్టు కిందికి దించారు.

రూపంలోనూ తేడా ఉంది. బ్విండీలో పార్కు నేల 1,160 మీటర్ల ఎత్తున మొదలై 2,607 మీటర్ల దాకా లేస్తుంది. రాత్రిళ్ళు చలి. అందుకు తగినట్టు కొండ గొరిల్లాకు ఒత్తుగా, పొడుగ్గా బొచ్చు ఉంటుంది. 1902లో రాబర్ట్ ఫాన్ బెరింగె అనే జర్మన్ సైనికాధికారి విరుంగా వరుసలోని సబిన్యో కొండ మీద రెండింటిని కాల్చినప్పుడే పాశ్చాత్య శాస్త్రవేత్తలకు ఈ జంతువు సంగతి తెలిసింది. వాటి శాస్త్రీయ నామంలో నేటికీ ఉన్నది ఆయన పేరే. కాల్చినవాడి పేరును కాల్పులకు బలైనదానికి పెట్టడం చరిత్రలో కొత్తేమీ కాదు.

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగ విరమణ డబ్బులో కొంత ఇందుకు పక్కన పెట్టుకున్నాము. ఏ దేశం మీదుగా వెళితే మంచిది, పర్మిట్ ఎలా తీసుకోవాలి, ఎంత అవుతుంది? (దంపతులు, గుంటూరు)

జవాబు: ముందు పర్మిట్ చూసుకోండి, విమానం టికెట్ తరువాతి మాట. యుగాండాలో విదేశీ పర్యాటకులకు, గొరిల్లాల దగ్గర ఒక గంట గడపడానికి ఇచ్చే ఒక్కొక్క పర్మిట్ ధర 2024 జులై నుంచి 800 డాలర్లు, అంటే మన లెక్కలో 70 వేల రూపాయలకు అటూ ఇటూ. రువాండాలోని వోల్కనోస్ పార్కులో అదే గంటకు 2017 నుంచి 1,500 డాలర్లు వసూలు చేస్తున్నారు. రువాండాలో ఒక సౌకర్యం ఉంది. రాజధాని కిగాలీ నుంచి మంచి రోడ్డు మీద రెండు మూడు గంటల్లో పార్కు చేరవచ్చు. చేతిలో నాలుగే రోజులు ఉండి, డబ్బుకు వెనకాడనివారికి అది నప్పుతుంది. మీలాగా రోజులు ఉన్నవారికి నేను బ్విండీయే చెబుతాను. కాంగోలో ధర తక్కువే గానీ, తూర్పు కాంగోలో నడుస్తున్న యుద్ధాన్ని బట్టి అటు వెళ్ళమని ఎవరికీ చెప్పలేను.

పర్మిట్ మీద తేదీ ఉంటుంది, అడవిలో ఏ వైపు నుంచి లోపలికి వెళ్ళాలో కూడా ఉంటుంది. బ్విండీకి నాలుగు వాకిళ్ళు: ఉత్తరాన బుహోమా, తూర్పున రుహిజా, దక్షిణాన రుషాగా, న్కురింగో. మనుషులకు అలవాటు పడిన గొరిల్లా కుటుంబాలు ఇక్కడ 20కి పైగా ఉన్నాయి. ఒక్కో కుటుంబం దగ్గరికి రోజుకు 8 మందిని మాత్రమే, ఒక్కసారి మాత్రమే పంపుతారు. అందువల్ల జూన్ నుంచి ఆగస్టు వరకు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే పొడి నెలల్లో పర్మిట్లు చాలా ముందే అయిపోతాయి. అమ్మేది యుగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ. మనవంటివారు సాధారణంగా అక్కడి లైసెన్సు ఉన్న టూర్ నిర్వాహకుల ద్వారా తీసుకుంటారు.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను, మీకు పనికివస్తుంది. నేను నమ్ముకున్న ట్రావెల్ ఏజెంటు పర్మిట్ రుషాగాకు తీసి, గది మాత్రం బుహోమాలో మాట్లాడి పెట్టాడు. మ్యాపులో రెండూ ఒకే అడవి అంచున, వేలెడు దూరంలో కనిపిస్తాయి. కానీ రోడ్డు అడవిని చుట్టుకొని కొండలు ఎక్కి దిగుతూ పోతుంది. ఆ సంగతి నాకు ముందురోజు సాయంత్రం హోటలు గుమాస్తా చెప్పాడు. తెల్లవారుజామున మూడున్నరకు, కాఫీ చుక్క గొంతులో పడకుండా బయలుదేరి, ఆ మట్టిరోడ్డు మీద నాలుగు గంటలు ఊగుతూ వెళ్ళి, సరిగ్గా నడకకు ముందు జరిపే ఉదయపు సమావేశం మొదలవుతుండగా దిగాను. ఆలస్యమైతే పర్మిట్ సొమ్ము పోయినట్టే. కాబట్టి పర్మిట్ మీద ఏ పేరుందో చూసి, ఆ వాకిలి దగ్గరే గది అడగండి.

ప్రశ్న: నా వయసు 66. మోకాళ్ళు అప్పుడప్పుడు మొరాయిస్తాయి గానీ తిరుమల మెట్లు నిరుడు ఎక్కాను. గొరిల్లాల దగ్గరికి నడవగలనా? పన్నెండేళ్ళ మనవడిని తీసుకువెళ్ళవచ్చా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

జవాబు: మనవడి సంగతి ముందు తేల్చేస్తాను. పదిహేనేళ్ళు నిండని పిల్లలను గొరిల్లాల దగ్గరికి పంపరు. పాస్‌పోర్టు చూసి వయసు తేలుస్తారు కాబట్టి బతిమాలి ప్రయోజనం లేదు.

ఇక మీ మోకాళ్ళు. తిరుమల మెట్లు ఎక్కినవారు అన్న మాట విని నాకు ధైర్యం కలిగింది, అయితే మెట్టుకూ ఈ అడవికీ పోలిక లేదు. మెట్టు ఎక్కడుందో కాలికి తెలుస్తుంది. బ్విండీలో కాలిబాట వదిలి లోపలికి దిగాక చాలాచోట్ల కాలి కింద నేలే తగలదు. తీగలు, ఫెర్న్ మొక్కలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి నులకమంచంలా ఉంటాయి. ముందు నడిచే రేంజరు మచ్చుకత్తితో దారి కొట్టుకుంటూ పోతే, మనం ఆ నులక మీద అడుగేస్తూ, అది ఎక్కడ కుంగుతుందో తెలియక పోతూ ఉంటాం. కొండవాలు నిటారుగా ఉంటుంది, వాన పడితే ఎర్రమన్ను సబ్బులా జారుతుంది. ఇంగ్లీషులో ఈ అడవికి ‘ఇంపెనెట్రబుల్’ అన్న బిరుదు ఊరికే రాలేదు. మన మాటల్లో చొరరాని అడవి.

ఎంత నడవాలన్నది గొరిల్లాల చేతిలో ఉంది. అవి ప్రతి సాయంత్రం ఎక్కడుంటే అక్కడే ఆకులు, కొమ్మలు వంచి కొత్త పడకలు వేసుకుంటాయి. పెద్దవాటికి ఎవరి పడక వారిది, చంటిపిల్లలు తల్లి పక్కన పడుకుంటాయి. జాడ తీసేవారు వేకువనే వెళ్ళి, నిన్న వాటిని వదిలినచోటి నుంచి వెతుక్కుంటూ రాత్రి పడకలను పట్టుకొని, అక్కడి నుంచి విరిగిన కొమ్మలను, పేడను చూసుకుంటూ కుటుంబాన్ని చేరి, వాకీటాకీలో గైడుకు కబురు చెబుతారు. ఒక రోజు అరగంటలో కనిపించవచ్చు, మరొక రోజు రానూపోనూ ఏడెనిమిది గంటలు పట్టవచ్చు. అందుకే ఉదయపు సమావేశంలోనే మీ వయసు, మోకాళ్ళ సంగతి మొహమాటం లేకుండా చెప్పండి. మనుషులను కుటుంబాలకు పంచేటప్పుడు, వీలైనంతవరకు పెద్దవారిని దగ్గరగా ఉన్న కుటుంబానికి వేస్తారు.

రెండవది, పోర్టరును తప్పకుండా పెట్టుకోండి. 15 నుంచి 20 డాలర్లు. నా సంచి నేను మోసుకోగలను అని అనుకోవద్దు, నేనూ అలాగే అనుకున్నాను. నాతో వచ్చిన పోర్టరు ఇరవై ఏళ్ళ యువతి. ఆమె కాళ్ళకు మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి గమ్‌బూట్లు, నా కాళ్ళకు ఈ ప్రయాణం కోసమే కొన్న ఖరీదైన బూట్లు. మొదటి వాలులోనే నా బూట్లు జారాయి. ఆమె గమ్‌బూటును వాలుకు అడ్డంగా మట్టిలో గుచ్చి, దాన్నే నాకు మెట్టుగా ఇచ్చింది. ఆ తరువాత సంచి ఎక్కడుందో కూడా నేను పట్టించుకోలేదు, ఆమె చెయ్యి ఎక్కడుందో మాత్రమే చూసుకున్నాను. ఆ కూలి డబ్బు నేరుగా అడవి అంచు పల్లెలోని ఇంటికి చేరుతుంది.

అసలే నడవలేనివారికి మరొక ఏర్పాటు ఉంది. బెత్తు కుర్చీని కర్రలకు కట్టి, జట్లు జట్లుగా మార్చుకుంటూ పోర్టర్లు మోసుకువెళతారు. మన డోలీ వంటిదే, దాన్ని అక్కడివారు సరదాగా ‘హెలికాప్టర్’ అంటారు. మనుషులు చాలామంది కావాలి కాబట్టి ఖర్చు వందల డాలర్లలో ఉంటుంది, ముందే చెప్పి ఉంచాలి.

బట్టల మాట: పొడుగు చేతుల చొక్కా వేసుకొని, ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపుకోండి. చీమల బారు మీద కాలు పడితే అవి ప్యాంటులోకి పాకి కొరుకుతాయి. చేతికి తోటపనివారి తొడుగులు ఉంటే మేలు, ఎందుకంటే జారినప్పుడు పట్టుకున్న మొక్క దురదగొండిని మించి మంట పెట్టేది కావచ్చు. పొడి నెల అయినా వానకోటు మరవద్దు.

ప్రశ్న: పది మీటర్ల దూరం, ముఖానికి మాస్కు, గంట మాత్రమే సమయం అని మీరు రాశారు. ఇన్ని నియమాలు మన క్షేమం కోసమేనా? గొరిల్లా మీదికి వస్తే ఏమి చెయ్యాలి? (వైద్య విద్యార్థిని, హైదరాబాదు)

జవాబు: మన క్షేమం కోసం కొంత, వాటి క్షేమం కోసం చాలా. మనుషులకూ గొరిల్లాలకూ జన్యువుల్లో నూటికి 98 పాళ్ళు పోలిక ఉందని మీకు తెలిసినదే. మన పడిశం వాటికి అంటుకుంటుంది. మనకు మూడు రోజులు ముక్కు కారి తగ్గే జలుబు, ఎన్నడూ దానికి అలవాటు పడని శరీరంలో న్యుమోనియాగా మారవచ్చు. వెయ్యి పైచిలుకు ప్రాణులు మాత్రమే మిగిలిన జాతిలో, ఒక్కో ఆడ గొరిల్లా దాదాపు నాలుగేళ్ళకు ఒక పిల్లను కనే జాతిలో, ఒక కుటుంబానికి రోగం సోకితే ఆ లోటు పూడడానికి ఒక తరం పడుతుంది. ఏడు మీటర్లుగా ఉన్న దూరాన్ని కొవిడ్ తరువాత పదికి పెంచి, మాస్కు తప్పనిసరి చేశారు.

ఇది ఊహించుకున్న భయం కాదు. 1996లో బ్విండీలోని ఒక చిన్న కుటుంబానికి గజ్జి సోకింది. బొచ్చు ఊడి, చర్మం తెల్లబడి, ఒక పిల్ల చనిపోయింది. అప్పుడు యుగాండా వన్యప్రాణి శాఖలో కొత్తగా చేరిన పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా, అది ఏ రోగమో తేల్చుకోవడానికి మనుషుల వైద్యురాలైన తన స్నేహితురాలిని సలహా అడిగారు. చుట్టుపక్కల పల్లెల్లో మనుషులకు గజ్జి విపరీతంగా ఉండేది. పొలాల్లో దిష్టిబొమ్మలకు తొడిగిన పాతబట్టలను ముట్టుకోవడం వల్ల గొరిల్లాలకు అది అంటి ఉంటుందని అనుమానించారు. గొరిల్లాలు బతకాలంటే ముందు పల్లెలో మనిషికి మందు అందాలన్న ఆలోచనతో ఆమె 2003లో ‘కన్జర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్’ అనే సంస్థను స్థాపించారు. వైద్యం చదువుతున్న మీరు ఆమె పని గురించి విడిగా చదవడం మంచిది.

నేను వెళ్ళిన ఉదయం, సమావేశంలో నా వెనక వరుసలో ఒకాయన రెండుసార్లు దగ్గాడు. గైడు మాట ఆపి, ఆయనను పక్కకు పిలిచి, చాలా మర్యాదగా మాట్లాడి, గదికి తిరిగి పంపేశాడు. అంత దూరం వచ్చిన మనిషి ముఖం చూడలేకపోయాను, అయినా గైడు చేసిందే సరి. జలుబు ఉంటే మీరే ముందుగా చెప్పాలి. చెప్పినవారికి డబ్బులో కొంత వెనక్కు ఇచ్చే పద్ధతి ఉంది గానీ, దాచిపెట్టి వెళ్ళి పట్టుబడినవారికి ఏమీ రాదు. ప్రయాణానికి ముందు వారం రోజులు జనసమ్మర్దంలో తిరగకుండా జాగ్రత్తపడడం నా సలహా.

ఇక మీదికి వచ్చే సంగతి. దూరం మనం పాటించవలసిన నియమం, వాటికి ఆ నియమం లేదు. మా గంటలో సగం గడిచాక ఒక పిల్ల గొరిల్లా తల్లి ఒళ్ళోంచి జారి, మా వైపు నాలుగు అడుగులు వేసి, రెండు కాళ్ళ మీద లేచి గుండెలు కొట్టుకోబోయి, తూలి వెనక్కి పడింది. గొరిల్లా గుండెలు కొట్టుకునేది పిడికిళ్ళతో అనుకుంటాం, కాదు. దొప్పలా వంచిన అరచేతులతో కొడుతుంది, అందుకే ఆ చప్పుడు డప్పు మోగినట్టు బోలుగా వస్తుంది. పిల్లది మాత్రం చిటపటమంది. అది లేచి మళ్ళీ రాబోతుంటే గైడు మమ్మల్ని చేతి సైగతో వెనక్కి జరిపాడు. పొదలో కూర్చున్న సిల్వర్‌బ్యాక్, అంటే వీపు నెరిసిన పెద్ద మగది, నములుతున్న కొమ్మను నోట్లోనే ఉంచి మా వైపు ఒక్కసారి చూసింది. గైడు గొంతులో నుంచి, కఫం సర్దుకున్నట్టు, రెండుసార్లు మెల్లగా గురగురమన్నాడు. అది వాటి భాషలో ‘అంతా బాగే’ అనడం. పెద్దది కూడా అదే శబ్దం చేసి మళ్ళీ నమలసాగింది.

ఒకవేళ మీదికి దూకినట్టు వస్తే పరుగెత్తకూడదు. తల వంచి, చూపు దించి, ఉన్నచోటే కుదించుకొని కూర్చోవాలి. చాలాసార్లు అది బెదిరింపే, దగ్గరిదాకా వచ్చి ఆగిపోతుంది. 160 నుంచి 200 కిలోల ప్రాణి ఆగిపోతుందని నమ్మి కూర్చోవడం సులభమని నేను అనను. గైడు ఎలా చేస్తే అలా చెయ్యండి.

గంట విషయం: గొరిల్లాలకు మనుషులను అలవాటు చెయ్యడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. రోజూ వెళ్ళి, అవి పారిపోతే వెంటపడకుండా, మరుసటి రోజు మళ్ళీ వెళ్ళి, ఓపికగా చేసే పని అది. బ్విండీలో ఈ పని 1991లో మొదలై, 1993లో ముబారే అనే కుటుంబంతో సందర్శనలు ఆరంభమయ్యాయి. అలవాటు పడినా, మన ఉనికి వాటి తిండికీ విశ్రాంతికీ అడ్డమే. గంటకు పైగా ఆ అడ్డు ఉండకూడదని నియమం. సమయం అయిందని గైడు చెప్పినప్పుడు మాలో ఎవరమూ నిజంగా గంట గడిచిందని నమ్మలేదు.

ప్రశ్న: గొరిల్లాలు కాక ఇంకేమి చూడవచ్చు? సింహాలు, ఏనుగులు ఉంటాయా? (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: సింహాలు లేవు. ఇది గడ్డిమైదానం కాదు, చెట్ల మధ్య చీకటి. ఏనుగులు కొద్దిగా ఉన్నాయి గానీ కనిపించవు, పేడ మాత్రమే కనిపిస్తుంది. ఈ అడవిలో జంతువులను చూడడం కంటే వినడం ఎక్కువ.

కోతుల్లో తెల్ల గడ్డంతో, నల్లటి ముఖంతో ఉండే లోయెస్ట్ కోతి రోడ్డు పక్కనే గుంపుగా కూర్చొని కనిపిస్తుంది. నలుపు తెలుపుల కొలొబస్ కోతులు పైకొమ్మల మీద తోకలు వేలాడేసి ఉంటాయి. చింపాంజీలు కూడా ఉన్నాయి. కొండ గొరిల్లా, చింపాంజీ ఒకే అడవిని పంచుకునేది ఇక్కడే. అయితే బ్విండీ చింపాంజీలకు మనుషులు అలవాటు లేదు, వాటిని చూడాలంటే ఉత్తరాన ఉన్న కిబాలే అడవికి వెళ్ళాలి. పక్షులు తెలిసినవారికి మాత్రం బ్విండీ పండగే. దాదాపు 350 రకాలు ఉన్నాయి, వాటిలో రెండు డజన్లకు దగ్గరగా ఆఫ్రికా పగులులోయ (రిఫ్ట్ వ్యాలీ) పడమటి కొండల్లో తప్ప మరెక్కడా కనిపించనివి. రుహిజా వైపు ముబ్విండీ అనే చిత్తడినేల ఉంది. ఆకుపచ్చ బ్రాడ్‌బిల్ అనే చిట్టిపిట్ట కోసం దేశదేశాల నుంచి వచ్చినవారు అక్కడ మోకాలిలోతు బురద పక్కన ఉదయమంతా నిలబడతారు. నేను ఒక పూట నిలబడ్డాను, పిట్ట రాలేదు. ఆ బదులు గైడు ఒక కొమ్మ మీద నుంచి మూడు కొమ్ముల ఊసరవెల్లిని చూపించాడు, అరచెయ్యంత ఉంది, ముఖం మీద మూడు కొమ్ములూ ముందుకు పొడుచుకొని ఉన్నాయి.

మీకు సింహాలే కావాలంటే, బ్విండీకి ఉత్తరాన క్వీన్ ఎలిజబెత్ పార్కు ఉంది. దానిలోని ఇషాషా వైపు సింహాలు అత్తిచెట్ల కొమ్మలెక్కి మధ్యాహ్నమంతా పడుకుంటాయి. అదే పార్కులో కజింగా కాలువ మీద పడవలో వెళితే నీటిగుర్రాలు, ఏనుగులు, గేదెలు తీరం పొడుగునా కనిపిస్తాయి. బుహోమా నుంచి ఇషాషా దారిలోనే ఉంది కాబట్టి రెండూ కలుపుకోవచ్చు.

ప్రశ్న: నేను నల్లమల అంచున పుట్టి పెరిగినవాడిని. పార్కు పేరు చెప్పగానే, అందులో ముందు ఎవరుండేవారు, ఇప్పుడు ఎక్కడున్నారు అన్న ప్రశ్న వస్తుంది. బ్విండీలో ఆ కథ ఏమిటి? (న్యాయవాది, నంద్యాల)

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినది ఇదే. బ్విండీలో ఉండేవారు బట్వాలు. పొట్టివారు, వేట, తేనె, దుంపల మీద బతికినవారు. 1991లో అడవిని జాతీయ పార్కు చేసినప్పుడు వారిని బయటికి పంపారు. వారికి పట్టా భూములు లేవు కాబట్టి పరిహారం దాదాపు ఏమీ అందలేదు. ఆనాటి నుంచి చాలామంది ఇతరుల పొలాల్లో కూలి చేసుకుంటూ, అంచు భూముల్లో గుడిసెలు వేసుకొని ఉంటున్నారు. 2021లో యుగాండా రాజ్యాంగ న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది, కానీ తీర్పుకూ చేతికి అందే భూమికీ మధ్య ఎంత దూరం ఉంటుందో న్యాయవాదిగా మీకు నేను చెప్పనక్కరలేదు. మన చెంచులు పులుల అభయారణ్యంలో పెంటలనే చిన్న గూడేల్లో ఇంకా కొందరైనా ఉన్నారు, అక్కడ ఆ మాత్రమూ లేదు.

పర్యాటకులకు బట్వాల పాత జీవితాన్ని చూపించే నడకలు ఉన్నాయి. నిప్పు పుట్టించడం, తేనెపట్టు తియ్యడం, పాట. నేను వెళ్ళాను. నడిపించిన పెద్దాయన ఒక చెట్టు బెరడు గీరి వాసన చూపించి, అది ఏ నొప్పికి మందో చెప్పి, ఆ చెట్లు అసలు ఎక్కువగా ఉన్నచోటు ‘అటు’ అని పార్కు వైపు చెయ్యి చూపాడు. ఆయనకు అటు వెళ్ళే అనుమతి లేదు, నాకు ఉంది. ఆ నడకకు వెళ్ళవద్దని నేను చెప్పను. డబ్బు ఎవరి చేతికి పోతుందో అడిగి, బట్వాల సంఘానికే చేరే నడకను ఎంచుకోండి.

మిగిలిన పల్లెలకు మేలు జరగలేదని చెప్పలేను. పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం, ప్రతి గొరిల్లా పర్మిట్‌లో 10 డాలర్లు చుట్టుపక్కల ఊళ్ళకు కేటాయిస్తారు. బడి గదులు, దారులు, పొలాలకు కంచెలు ఆ డబ్బుతో వచ్చాయి. కానీ ఊరి బతుకు మొత్తం విదేశీయుల రాక మీద ఆధారపడితే ఏమవుతుందో 2020లో తెలిసింది. కొవిడ్‌తో పర్యాటకులు ఆగిపోయిన ఆ జూన్‌లో, న్కురింగో కుటుంబానికి పెద్దయిన రఫీకీ అనే సిల్వర్‌బ్యాక్ ఈటెపోటుతో చనిపోయి కనిపించింది. చిన్న జంతువుల వేటకు లోపలికి వెళ్ళిన మనిషి, అది మీదికి వస్తే పొడిచానని చెప్పాడు. అతనికి 11 ఏళ్ళ జైలుశిక్ష పడింది. వేటగాణ్ణి సమర్థించను, అయితే ఆ నెలల్లో ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందన్న ప్రశ్న శిక్షతో తీరలేదు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాము. యుగాండా చూసుకొని, అటునుంచే హైదరాబాదులో అమ్మానాన్నల దగ్గరికి రావాలని ఆలోచన. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? వీసా, దారి వివరాలు చెప్పగలరు. (పాఠకులు, అమెరికా)

జవాబు: టీకా తప్పనిసరి, మీ విషయంలో రెండుసార్లు తప్పనిసరి. యుగాండాలో దిగేటప్పుడు పసుపురంగు టీకా కార్డు అడుగుతారు. అక్కడి నుంచి ఆరు రోజుల లోపల భారతదేశానికి వస్తే, మీ పాస్‌పోర్టు ఏ దేశానిదైనా, మన విమానాశ్రయంలోనూ అదే కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వారికి ఉంది. అమ్మ వంట తినవలసిన రోజులు అక్కడ గడపవద్దు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే కార్డు చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం చెల్లుతుంది. ఇక్కడి నుంచి వెళ్ళేవారు హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకోవచ్చు. హనుమకొండ మాస్టారు కూడా ఈ మాట గమనించాలి: 60 ఏళ్ళు దాటినవారు ఈ టీకా మొదటిసారి వేయించుకునే ముందు వైద్యుని సలహా తప్పక తీసుకోవాలి. మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడగండి.

వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది, 50 డాలర్లు. రువాండా, కెన్యా కూడా చూసేవారికి మూడు దేశాలకూ కలిపి 100 డాలర్ల వీసా ఉంది. ఎంటెబె విమానాశ్రయం నుంచి బ్విండీకి కారులో ఎనిమిది నుంచి పది గంటలు, దారిలో భూమధ్యరేఖ దాటుతారు. ఆ ప్రయాణాన్ని ఒక్క రోజులో చెయ్యకుండా మధ్యలో ఒక రాత్రి ఆగడం మేలు. కిగాలీలో దిగి సరిహద్దు దాటితే రుషాగా, న్కురింగో వైపుకు సుమారు నాలుగు గంటలే. చిన్న విమానాలు కిహీహీ, కిసోరో అనే చోట్ల దిగుతాయి, కానీ వాటిలో పెద్ద సూట్‌కేసులు ఎక్కనివ్వరు.

ప్రశ్న: మేము శాకాహారులం. ఉల్లి, వెల్లుల్లి తింటాము గానీ గుడ్డు కూడా ముట్టము. తిండికి ఇబ్బందా? (గృహిణి, తిరుపతి)

జవాబు: ఇబ్బంది లేదమ్మా. ఆ దేశంలో ముఖ్య భోజనమే కాయగూర. మటోకె అని, పచ్చి అరటికాయను ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపి పెడతారు, దాని మీద వేరుసెనగ పులుసు పోస్తారు. మొక్కజొన్న పిండితో పోషో అని ఒకటి చేస్తారు, మన సంగటిని గుర్తుచేస్తుంది. ఎర్ర చిక్కుడు గింజలు ప్రతిచోటా దొరుకుతాయి. చపాతీ, సమోసా అయితే వందేళ్ళ కిందటే భారతీయుల వెంట వెళ్ళి అక్కడివే అయిపోయాయి. ఒక్కటే జాగ్రత్త: రోడ్డు పక్కన ‘రోలెక్స్’ అని పిలుస్తుంటే గడియారం అనుకోకండి, అది గుడ్డు అట్టు చుట్టిన చపాతీ. ఉప్పూకారాలు మనకు చాలవు కాబట్టి ఆవకాయ సీసా ఒకటి పెట్టుకోండి. అయితే దాన్ని అడవిలోకి తీసుకువెళ్ళవద్దు, గొరిల్లాల దగ్గర తిండి బయటికి తియ్యడం నిషిద్ధం.

ప్రశ్న: ఫోన్‌తో ఫోటోలు తీస్తే చాలా, పెద్ద కెమెరా కావాలా? ఇంకేమైనా సామాను చెబుతారా? (ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: పది మీటర్లలో ఫోన్ చాలు, కానీ ఆకుల నీడలో నల్లటి బొచ్చు ఒక నల్లని మచ్చలా పడుతుంది. వేలితో వెలుతురు పెంచుకోవడం ఇంటి దగ్గర నల్లకుక్క మీద సాధన చెయ్యండి. ఫ్లాష్‌ను ముందే ఆపివేసి, ఆగిందో లేదో రెండుసార్లు చూసుకోండి. యుగాండా ప్లగ్గులకు చదరపు మూడు కాళ్ళు, మన మూడు కాళ్ళవి పట్టవు కాబట్టి అడాప్టర్ కావాలి. డాలర్లు కొత్త నోట్లే తీసుకువెళ్ళండి, పాతవి, మడతపడి చిరిగినవి అక్కడ ఎవరూ తీసుకోరు. పోర్టరుకు ఇవ్వడానికి చిన్న నోట్లు విడిగా జేబులో ఉంచుకోండి. నేను వంద నోటు తప్ప మరేదీ లేక, అడవి నుంచి బయటపడి, ఆమె చిల్లర తెచ్చేదాకా గేటు దగ్గర బురదకాళ్ళతో అరగంట కూర్చున్నాను.